ఢిల్లీకి జనవరిలోనే వెళ్లండి

ఢిల్లీ వెళ్తున్నాం అని చెప్తే ఒక్కరూ సంతోషించలేదు. జనవరిలోనా, ఆ చలికా, ఆ పొగకా, ఇంకో నెల ఆగలేరా అన్నవాళ్లే అందరూ. వాళ్లు చెప్పినవన్నీ నిజమే. చలి ఉంది, పొగ ఉంది, వరసగా కొన్ని రోజులు సూర్యుడు మొహం చూపించకపోవడం కూడా ఉంది. అయినా వెళ్లొచ్చాక నేను చెప్పేది ఒకటే. ఒంట్లో ఓపిక ఉండి, ఉబ్బసం ఆయాసం లాంటివేవీ లేకపోతే ఢిల్లీని చలికాలంలోనే చూడాలి. కోటలూ సమాధులూ ఎప్పుడెళ్లినా అక్కడే ఉంటాయి. జనం మాత్రం జనవరిలోనే బాగా కనిపిస్తారు. చలికి అందరూ తలుపులు బిగించుకుని ఇంట్లో కూర్చుంటారని మనం అనుకుంటాం గానీ, అక్కడ మధ్యాహ్నం పూట ఇంట్లోకన్నా బయటే వెచ్చగా ఉంటుంది. అందుకే ఊరు ఊరంతా ఎండ ఎక్కడుంటే అక్కడికి వచ్చేస్తుంది, ఎండ లేకపోతే మంట ఎక్కడుంటే అక్కడికి.

మాది శ్రీకాకుళం, అరసవల్లి వైపు. మా అప్ప (అక్కని మా వైపు అలాగే అంటాం), బావ ఉద్యోగరీత్యా చాలా ఏళ్లుగా ఢిల్లీలో ఉంటున్నారు. పండగ వెళ్లిపోయాక, ముక్కనుమ కూడా అయ్యాక, అరిసెలూ జంతికలూ పలాస జీడిపప్పూ మూటగట్టుకుని మా ఆయనా నేనూ విజయనగరంలో రైలెక్కాం. మన వైపు నుంచి వెళ్లేవాళ్లకి ఈ దారి చాలా బాగుంటుంది. పార్వతీపురం, రాయగడ మీదుగా కొండల్లోంచి వెళ్లి టిట్లాగఢ్, రాయ్‌పూర్, నాగ్‌పూర్ తగులుతుంది. సమతా ఎక్స్‌ప్రెస్‌ది ఇదే దారి. రాయగడ దాకా కిటికీ దగ్గర్నుంచి లేవబుద్ధి కాదు.

ఆగ్రా దాటాక కిటికీ బయట ఏమీ లేదు. చీకటి కూడా కాదు, తెల్లటి గోడ. స్టేషన్ వస్తే ప్లాట్‌ఫామ్ దీపాలు పసుపు మచ్చల్లా కనిపించి పోతున్నాయి, పేరు బోర్డు చదవడం మావల్ల కాలేదు. మా ఎదురు బెర్తులో రిటైరైన రైల్వే ఆయన ఒకరు ఉన్నారు. పొగమంచులో బండి ఎలా నడుపుతారో చాలా ఓపిగ్గా చెప్పారు. సిగ్నల్ రాబోతోందని డ్రైవరుకి తెలియడానికి దానికి కొంత ముందు పట్టాల మీద డిటొనేటర్ పెడతారట, ఇంజన్ చక్రం దాని మీదకి ఎక్కగానే ఢాం అని పేలుతుంది, డ్రైవరు అప్రమత్తం అవుతాడు. ఇప్పుడు జీపీఎస్‌తో పనిచేసే చిన్న పెట్టె కూడా ఇంజన్లో ఉంటోంది, రాబోయే సిగ్నల్ ఎంత దూరంలో ఉందో అది చెప్తుంది. ఇవన్నీ ఉన్నా వేగం తగ్గించాల్సిందే. ఆ రాత్రి పట్టాల పక్కన నిలబడి డిటొనేటర్లు పెట్టే మనిషి గురించి ఆలోచిస్తే, బండి లేటని విసుక్కోవడానికి మనసొప్పలేదు.

అప్ప వాళ్ల ఇంట్లో కాలు పెట్టగానే నాకు అర్థమైన సంగతి, అక్కడి ఇళ్లు వేసవి కోసం కట్టినవి అని. ఎత్తు పైకప్పులు, చలవరాతి గచ్చు, ఎండ లోపలికి రాకుండా కిటికీల మీద సజ్జాలు. మే నెలలో 45 డిగ్రీలకి అదంతా అవసరమే. జనవరిలో మాత్రం ఆ గచ్చు మీద సాక్సు లేకుండా అడుగు వేయలేం. లెక్కకి చూస్తే ఢిల్లీలో జనవరి పగళ్లు సగటున 20 డిగ్రీల దగ్గర, రాత్రిళ్లు 7 దగ్గర ఉంటాయి, అదేమంత ఘోరం అనిపించదు. కానీ ఎండ రాని రోజున పగలు కూడా 14, 15 దగ్గరే ఆగిపోతుంది. ఇంట్లో హీటింగ్ ఏర్పాటు ఉండదు. చలి దేశాల్లో కన్నా మన దేశంలో చలికే ఎక్కువ వణుకుతామని బావ అనేవారు, ఇప్పుడు నమ్ముతున్నాను.

ఇక వంటిల్లు. మన ఇంటి వంటలు మానుకోలేని వాళ్లకి అక్కడ చలికాలం రోజూ ఒక పరీక్షే. కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి తెల్లగా రాయైపోయింది. "ఎండలో పెట్టరాదా అప్పా" అంటే, "పెడతాను గానీ ఒలే, ముందు ఎండ రానీ" అంది. ఇడ్లీ పిండి రుబ్బిన రాత్రి చూడాలి దాని హడావుడి. రుబ్బేటప్పుడే గోరువెచ్చని నీళ్లు పోస్తుంది, గిన్నె మీద మూత పెట్టి, బావ పాత స్వెట్టర్ దానికి తొడిగి, పైన శాలువా చుట్టి, తీసుకెళ్లి బియ్యం డబ్బా లోపల బియ్యం మధ్యలో కూర్చోబెడుతుంది. మర్నాడు పొద్దున్న తీసి చూస్తే ఇంకా పొంగదు. మళ్లీ స్వెట్టర్ తొడగడం, మళ్లీ డబ్బాలో పెట్టడం. మూడో పొద్దుకి గిన్నె అంచు దాకా వచ్చింది పిండి, ఆ బుడగలు చూసి ఇద్దరం నిజంగా ఆనందపడ్డాం. పెరుగు కూడా అంతే, హాట్‌బాక్సులో తోడుపెట్టకపోతే తెల్లారేసరికి పాలు పాలలాగే ఉంటాయి. ఊరికి దూరంగా ఉన్నవాళ్లు మన తిండిని ఎంత కష్టపడి నిలబెట్టుకుంటారో ఇక్కడ కూర్చుంటే తెలీదు.

మేం వెళ్లిన కొత్తలో ఎండే లేదు. పొద్దున ఎనిమిదైనా, మధ్యాహ్నం పన్నెండైనా, సాయంత్రం నాలుగైనా ఒకటే బూడిద రంగు. బయట ఆరేసిన బట్టలు రెండు రోజులకీ ఆరవు, మూడో రోజు ఇస్త్రీ పెట్టెతో ఆర్పుకోవాలి. మన దగ్గర కూడా ధనుర్మాసంలో మంచు పడుతుంది, నాగావళి ఒడ్డున తెల్లారగట్ల తాటిచెట్ల మొదళ్లు కనపడవు, కానీ ఎనిమిదీ తొమ్మిదయ్యేసరికి అంతా విడిపోయి ఎండ కాసేస్తుంది. ఢిల్లీలో విడిపోదు. ఎందుకో బావ చెప్పారు. పాకిస్తాన్ వైపు నుంచి పంజాబు, హర్యానా, ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, బీహార్ దాకా ఆ మైదానమంతా బల్లపరుపు నేల, చలికాలంలో గోధుమ చేలకు నీళ్లు పెడతారు, మధ్యమధ్యలో పడమటి గాలుల వల్ల చిన్న వానలు పడతాయి, నేల తడిగా ఉంటుంది. రాత్రి పొడుగు, ఆకాశం నిర్మలం, గాలి ఉండదు. నేల వేడంతా పైకి పోయి కింద గాలి చల్లబడుతుంది, అందులో తేమ మంచవుతుంది. మామూలుగా పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లగా ఉండాలి కదా, ఇక్కడ తలకిందులు, కింద చల్లగాలి, పైన వెచ్చగాలి. ఆ వెచ్చగాలి గిన్నె మీద మూతలా కూర్చుంటుంది. కింద ఉన్న మంచూ పోదు, పొగా పోదు.

ఈ పొగ సంగతి గట్టిగా చెప్పాలి. ఫోటోల్లో అదంతా అందమైన మంచులా కనిపిస్తుంది, మా వాట్సాప్ గ్రూపులో కూడా "ఎంత బావుందో" అన్నారు. బావుండడం లేదు. కొన్ని పొద్దుల్లో అది వట్టి మంచే, తడిగా, వాసన లేకుండా ఉంటుంది. కొన్ని పొద్దుల్లో గొంతులో గరగర, కళ్లలో మంట, కాలిన వాసన. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ అనే యాప్ ఉంది, అప్ప పొద్దున్న పాల ప్యాకెట్ తీసుకునే ముందు అది చూస్తుంది. గాలి సూచీ 50 లోపు ఉంటే మంచి గాలి, 300 దాటితే చాలా చెడ్డది, 400 దాటితే తీవ్రం. మేం ఉండగా 400 దాటిన రోజులు చూశాం. ఆ రోజుల్లో అప్ప కూతురు బడికి మాస్కుతో వెళ్లింది, వచ్చాక ఆటకి కిందకి పోలేదు. పంట వ్యర్థాలు తగలబెట్టడం వల్లే ఇదంతా అంటారు గానీ అది ముఖ్యంగా అక్టోబరు, నవంబరు మాట. జనవరిలో బండ్ల పొగ, ఫ్యాక్టరీలు, దుమ్ము, చలికి జనం వేసుకునే మంటలు, వీటన్నిటినీ ఆ మూత కిందకి తొక్కిపెడుతుంది. భోగినాడు ఒక్క పొద్దు పొగకే మనం దగ్గుతాం, అక్కడి పిల్లలు నెలల తరబడి ఆ గాలే పీలుస్తున్నారు. నాకిది తలుచుకుంటే కోపం వస్తుంది.

మరి వెళ్లమని ఎందుకంటున్నాను? ఎండ వచ్చిన రోజు గురించి చెప్తాను.

ఆ రోజు పదకొండు దాటాక బాల్కనీ గోడ మీద లేత పసుపు రంగు గీత ఒకటి పడింది. అప్ప పొయ్యి మీద చారు ఆపేసి, "రా రా, కిందకి పద" అని బఠాణీ సంచీ, పళ్లెం పట్టుకుని లిఫ్టు దగ్గరికి నడిచింది. కింద పార్కులో అప్పటికే అందరూ ఉన్నారు. నులక మంచాలు, ప్లాస్టిక్ కుర్చీలు, చాపలు. ఒక పంజాబీ పెద్దావిడ వీపుని ఎండకి తిప్పి కూర్చుని ఊలు అల్లుతోంది, ఇద్దరు బీహారీ అమ్మాయిలు తల ఆరబెట్టుకుంటున్నారు, ఒకాయన నవజాత శిశువుని నూనె రాసి కాళ్ల మీద పడుకోబెట్టుకున్నాడు, వాచ్‌మన్ వేరుశనక్కాయలు ఒలిచి అందరికీ పెడుతున్నాడు. పక్క ఫ్లాటులో ఎవరుంటారో తెలీని ఊరని పేరున్న చోట అప్ప అందరినీ పేరు పెట్టి పిలుస్తోంది. బఠాణీలు మేం ఒలవక్కర్లేకపోయింది, పళ్లెం చేతులు మారి తిరిగొచ్చేసరికి ఒలిచి ఉన్నాయి. ఎండ పక్కకి జరిగితే కుర్చీలన్నీ దాంతోపాటు జరిగాయి, మాటలు ఆగలేదు. మూడున్నరకి భవనం నీడ పడింది, అందరూ లేచారు.

అరసవల్లి దగ్గర పుట్టి పెరిగిన మనిషిని. రథసప్తమికి స్వామి నిజరూప దర్శనం కోసం అర్ధరాత్రి నుంచి లైన్లో నిలబడ్డ జనాన్ని ఏటా చూస్తాను, మార్చిలో, అక్టోబరులో సూర్యకిరణాలు గర్భగుడిలోకి వచ్చి స్వామి పాదాల మీద పడతాయని చిన్నప్పట్నుంచీ తెలుసు. అయినా సూర్యుడికి మొక్కడం అలవాటుగా చేశానే తప్ప, ఎండ కోసం ఎప్పుడూ ఎదురుచూడలేదు. మన దగ్గర ఎండంటే గొడుగు, చెమట, నీడ వెతుక్కోవడం. ఆ పార్కులో కూర్చున్నప్పుడు నాకు ఆదిత్యహృదయం నోటికొచ్చింది, లోపల చదువుకున్నాను. అంత మనసుపెట్టి చదివింది ఎప్పుడూ లేదు.

చూసిన చోట్ల గురించి కూడా చెప్పాలి. కుతుబ్ మినార్‌కి పొగమంచు రోజునే వెళ్లాం. 72 మీటర్ల పైచిలుకు ఎత్తు, కుతుబుద్దీన్ ఐబక్ మొదలుపెడితే ఇల్తుత్‌మిష్ పైకి కట్టించాడు. మాకు మొదటి రెండు అంతస్తులే కనిపించాయి, ఆ పైన లేదు. పైకి చూడ్డానికి లేకపోయేసరికి కింద రాయి చూశాం. ఎర్ర రాతి మీద చెక్కిన అక్షరాల్లో మంచు నీరు నిలిచి ఒక్కో గీతా తడిగా మెరుస్తోంది, వేలు పెట్టి దారి పట్టుకోవచ్చు అన్నంత స్పష్టంగా ఉంది. హుమాయూన్ సమాధికి మాత్రం ఎండున్న రోజు చూసుకుని వెళ్లండి. తెల్ల చలవరాతి గుమ్మటం బూడిద రంగు ఆకాశంలో కలిసిపోతుంది, ఎండలో అయితే ఎర్రరాయీ తెల్లరాయీ రెండూ తేటగా కనపడతాయి. లోదీ గార్డెన్‌కి ఆదివారం మధ్యాహ్నం వెళ్లండి, సుల్తానుల సమాధుల చుట్టూ గడ్డి మీద ఢిల్లీ కుటుంబాలు పరుపులు పరుచుకుని కిన్నో నారింజలు ఒలుచుకుంటూ ఉంటాయి. ఇరవై ఆరో తారీకు దగ్గర పడేకొద్దీ కర్తవ్యపథ్ వైపు రిహార్సల్స్ కోసం రోడ్లు మూసేస్తారు, ఎర్రకోట కూడా చాలాసార్లు కొన్నాళ్లు తెరవరు, అది చూసుకుని ప్లాన్ చేసుకోవాలి.

పాత ఢిల్లీకి తెల్లవారగానే వెళ్లాలి. చాందినీచౌక్ పక్క సందుల్లో చలికాలంలో మాత్రమే దొరికే ఒక పదార్థం ఉంది, దౌలత్ కీ చాట్ అంటారు. చాట్ అన్నారని కారంగా ఉంటుందనుకోకండి, తీపి. పాలను రాత్రంతా చలిలో ఉంచి తెల్లవారుజామున చిలికి, పైకి తేలిన నురగని మాత్రమే తీస్తారు. వెదురు స్టాండు మీద పెద్ద ఇత్తడి పళ్లెం, దాని మీద పలచటి గుడ్డ, గుడ్డ తీస్తే పసుపు రంగు పూసిన నురగ. చెంచాతో దొన్నెలోకి తీసి పైన కోవా పొడి, పంచదార చల్లి ఇస్తారు. నోట్లో పెట్టుకుంటే నమలడానికేమీ ఉండదు, కుంకుమపువ్వు వాసన, చల్లదనం, అయిపోయింది. ఎండ ముదిరితే కరిగిపోతుంది కాబట్టి వేసవిలో చేయడం కుదరదు. ఇంకా ఎర్ర క్యారెట్ హల్వా, బొగ్గుల మీద కాల్చిన చిలగడదుంప మీద నిమ్మకాయ పిండి ఇచ్చేది, నువ్వుల గజక్, ఆవాకు కూరతో మొక్కజొన్న రొట్టె. గంటె రొట్టె, అంటే సజ్జ రొట్టె కూడా తిన్నాం, నెయ్యి వేసి బెల్లంతో, మా ఆయనకి అదే బాగా నచ్చింది. రజాయిల దుకాణం ముందు మాత్రం ఆయన్ని కదపడం కష్టమైంది. మిషను మీద దూది ఏకుతుంటే పొందూరు వైపు మనిషి కదా, చూస్తూ నిలబడిపోయారు. మన పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారని ఆ దుకాణం అబ్బాయికి వచ్చీరాని హిందీలో చెప్తే, వాడు పనాపి మరీ విన్నాడు.

యమున ఒడ్డుకి కూడా వెళ్లాం, కశ్మీరీ గేట్ దగ్గర ఘాట్‌కి. నీళ్లు నల్లగా, వాసనగా ఉంటాయి, దాచేదేం లేదు. ఆ నీళ్ల మీద వేల కొద్దీ తెల్లటి సముద్రపు కాకులు, చలికాలం గడపడానికి ఉత్తరాన చాలా దూరం నుంచి వచ్చినవి. జనం పడవల్లో వెళ్లి వాటికి కారప్పూస విసురుతారు, అది నాకు నచ్చలేదు, పక్షులకి అది తిండి కాదు. మన టెక్కలి దగ్గర తేలినీలాపురంలో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు వస్తే ఊళ్లోవాళ్లు పుట్టింటికొచ్చిన ఆడపిల్లలంటారు, చెట్టెక్కి గూళ్లు కదపనివ్వరు. ఆ మర్యాద ఇక్కడా ఉంటే బాగుండును.

ఒక సాయంత్రం ఒక పెద్ద ఆసుపత్రి ముందు నుంచి నడుస్తుంటే ఫుట్‌పాత్ మీద వరసగా దుప్పట్లు, వాటి కింద మనుషులు. చికిత్స కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి, గది అద్దెకి తీసుకోలేక అక్కడే ఉంటున్నవాళ్లు. మధ్యలో చిన్న మంట. దాని దగ్గర్నుంచి మన మాట వినిపించింది. ఆగి అడిగితే, "మాది టెక్కలి పక్కన తల్లీ" అంది ఆవిడ. భర్త ఆపరేషన్ కోసం తారీకు వచ్చేదాకా ఎదురుచూస్తున్నారట. "దుప్పట్లు ఎవులో ఇచ్చినారు, మంటేసుకుంతన్నాం. ఎండ నేదమ్మా. ఎండుంటే ఈయన కొంచెం లేచి కూకుందుడు" అంది. ఢిల్లీ ప్రభుత్వం వాళ్లకి రాత్రి బస కేంద్రాలున్నాయి, రేన్ బసేరా అంటారు, చలికాలంలో అదనంగా గుడారాలు కూడా వేస్తారు. దగ్గర్లో ఉన్నదేదో బావ కనుక్కుని వాళ్లని అక్కడికి చేర్చారు. అప్ప తర్వాత కూడా అన్నం, చారు పట్టుకెళ్తోంది. ఇంత చలిలో రోగి పక్కన మనిషి ఫుట్‌పాత్ మీద పడుకోవాల్సి రావడం రాజధానికి మర్యాద కాదు. అక్కడికెళ్లే మనవాళ్లు బట్టలు సర్దుకునేటప్పుడు ఒక మంచి రగ్గు అదనంగా పెట్టుకోండి, ఇవ్వడానికి.

వెళ్లేవాళ్లకి ఇంకో రెండు మాటలు. ఒకటే లావుపాటి కోటు కన్నా లోపల థర్మల్, పైన స్వెట్టర్, ఆపైన జాకెట్ అని పొరలుగా వేసుకుంటే మేలు, మెట్రోలో వెచ్చగా ఉంటుంది, తీసేయొచ్చు. ఎన్95 మాస్కులు ఇక్కడే కొనుక్కోండి. విమానంలో వెళ్తే మధ్యాహ్నం దిగేది చూసుకోండి, తెల్లవారుజామువి పొగమంచుకి బాగా దెబ్బతింటాయి. ఎక్కడ ఉన్నా సరే, తలుపులన్నీ మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని మాత్రం పడుకోకండి. వాసన లేని విషవాయువు వస్తుంది, ఏటా చలికాలంలో దానివల్ల నిద్రలోనే పోయినవాళ్ల వార్తలు వస్తూనే ఉంటాయి. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, పండగ తిరుగు రద్దీ ఉంటుంది కాబట్టి నవంబరు మధ్యలోనే చూసుకోవాలి.

మా కబుర్లు విన్నాక అమ్మ కూడా వస్తానంటోంది. తనకి ఆయాసం ఉంది, జనవరి గాలి పడదు, డాక్టరు గారు కూడా వద్దనేశారు. అందుకని తనని ఫిబ్రవరి ఆఖర్లో తీసుకెళ్తాం. అప్పటికి మంచు విడిపోతుంది, రాష్ట్రపతి భవన్‌లో అమృత్ ఉద్యాన్ కూడా తెరిచి ఉంటుంది. అమ్మకి ఎలాగూ కోటలకన్నా పువ్వులే ఇష్టం.